ఇసుక గుంతా, స్టాండింగ్ ఫ్రేమా?

ప్రశ్న: మా బాబుకి మూడేళ్ళు, 12 కిలోలున్నాడు. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలకి వచ్చే ఇబ్బంది), జీఎంఎఫ్‌సీఎస్ (కదలిక ఎంత కష్టమో ఒకటి నుంచి అయిదు దాకా చెప్పే కొలత) నాలుగో లెవెల్ అన్నారు. మెడ నిలిచింది, ఆనిస్తే కూర్చుంటాడు. చంకల కింద పట్టుకుని నిలబెడితే మునివేళ్ళ మీదకి లేచి కాళ్ళు కత్తెరలా వేసేస్తాడు. ఫిజియోథెరపిస్టు స్టాండింగ్ ఫ్రేమ్ (బోర్డుకి ఆనించి బెల్టులతో నిలబెట్టే చట్రం) కొనమన్నారు, 28 వేలు చెబుతున్నారు. మా అత్తయ్యేమో ఇసుకలో గుంత తీసి రోజూ నిలబెడితే చాలు, డబ్బు దండగ అంటున్నారు. ఫ్రేమ్ వాడితే నడక వస్తుందా? కొనమంటారా?

జవాబు: అమ్మా, గోదావరి జిల్లాల్లో ఇరవై రెండేళ్ళుగా పిల్లలకి ఫిజియోథెరపీ చేస్తున్నాను. మీ మొదటి ప్రశ్నకి ముందు సూటిగా చెప్పేస్తాను. ఫ్రేమ్ నడక నేర్పదు. నడక కోసమే కొంటే మూడు నెలలు తిరిగేసరికి "ఇంకా నడవట్లేదేం" అని విసుగొచ్చి దాన్ని మూల పడేస్తారు. నేను వెళ్ళిన ఇళ్ళలో స్టాండింగ్ ఫ్రేమ్ మీద తడి తువ్వాళ్ళు ఆరేసి ఉండడం ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. నాలుగో లెవెల్ పిల్లల్లో కొందరు ఇంట్లో వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేస్తారు. బయట తిరగడానికి మాత్రం చాలామందికి వీల్‌చైరే ఆధారం. ఈ మాట ఎవరో ఒకరు మీకు ఇప్పటికే చెప్పి ఉండాల్సింది.

మరి ఫ్రేమ్ ఎందుకు? ముఖ్యంగా తుంటి కోసం. పుట్టినప్పుడు ఏ బిడ్డకైనా తుంటి గిన్నె, అంటే తొడ ఎముక తల కూర్చునే గుంట, లోతు తక్కువే. తొడ ఎముక పైకొస కూడా 40 డిగ్రీల దాకా ముందుకు మెలితిరిగి ఉంటుంది. ఏడాది పిల్ల గోడ పట్టుకుని లేస్తుంది, పడుతుంది, మళ్ళీ లేస్తుంది. రోజంతా అలా తన బరువు తన కాళ్ళ మీద వేసుకుంటూ ఉంటే ఆ ఒత్తిడికే గిన్నె లోతవుతుంది, మెలిక విప్పుకుని పెద్దయ్యేసరికి 15 డిగ్రీలకి వస్తుంది. మీవాడికి ఆ లేవడం పడడం లేకుండానే మూడేళ్ళు గడిచాయి. పైగా తొడల లోపలి కండరాలు బిగుసుకుని కాళ్ళని దగ్గరకి లాగుతున్నాయి. అలా లాగిలాగి ఎముక తల గిన్నెలోంచి కొంచెం కొంచెంగా బయటికి జారుతుంది. మొదట్లో నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. డైపర్ మార్చేటప్పుడు కాళ్ళు విప్పితే పిల్లాడు ఏడుస్తున్నాడని తల్లి గమనించేసరికి చాలా దూరం వెళ్ళిపోయి ఉంటుంది.

ఇదేమీ ఎక్కడో ఒకరికి వచ్చేది కాదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో సెరిబ్రల్ పాల్సీ పిల్లల తుంటి ఎక్స్‌రేలు చూసి 2006లో లెక్క తేల్చారు. మొత్తం మీద మూడోవంతు మందికి తుంటి జారింది. లెవెల్ వారీగా విడదీస్తే ఒకటో లెవెల్‌లో ఒక్కరికీ లేదు, నాలుగో లెవెల్‌లో 69 శాతం, అయిదో లెవెల్‌లో 90 శాతం.

కాబట్టి ఫ్రేమ్ బేరానికి వెళ్ళే ముందు కొన్ని వందల్లో అయిపోయే ఎక్స్‌రే తీయించండి. రెండు తుంట్లూ ఒకే ఫిల్ములో కనబడేలా, వెల్లకిలా పడుకోబెట్టి తీయాలి. మోకాటి చిప్పలు కప్పు వైపు చూస్తుండాలి, కాళ్ళు కత్తెర పడకుండా తిన్నగా ఉండాలి. టెక్నీషియన్ తొందరలో వంకరగా తీస్తే ఆ ఫిల్ము దేనికీ పనికిరాదు. అందుకని లెడ్ ఏప్రాన్ వేసుకుని మీరే పక్కన నిలబడి కాళ్ళు పట్టుకోండి (కడుపుతో ఉంటే మాత్రం మీరొద్దు, వేరేవాళ్ళని పంపండి). డాక్టర్ని "మైగ్రేషన్ పర్సెంటేజ్ ఎంతండీ" అని అడిగి రెండు వైపులవీ రాయించుకోండి. గిన్నె కప్పు దాటి ఎముక తల ఎంత బయటికి వచ్చిందో చెప్పే అంకె అది. 30 దాటితే ముందు పిల్లల ఎముకల డాక్టర్‌కి చూపించాలి, ఫ్రేమ్ సంగతి ఆయన్ని అడిగాకే. దాటకపోయినా నాలుగో లెవెల్ పిల్లలకి ఆరు నెలలకోసారి మళ్ళీ తీయించాలి. ఫ్రేమ్ వాడినంత మాత్రాన తుంటి జారదని నేను మాటివ్వలేను. స్పెయిన్‌లో ఏడాది వయసు నుంచి రోజూ కాళ్ళు ఎడం చేసి నిలబెట్టిన పిల్లల తుంట్లు, అలా నిలబెట్టని పిల్లల కంటే బాగున్నాయని ఒక అధ్యయనం ఉంది. కానీ అందులో పిల్లలు కొద్దిమందే, వాళ్ళు మీవాడి కంటే తేలిక లెవెల్ వాళ్ళు. ఫ్రేమ్ అన్నాక ఎక్స్‌రే కూడా ఉండాల్సిందే.

ఇక మీ అత్తయ్యగారి మాట. ఆవిడని తీసిపారేయకండి. కాళ్ళ మీద బరువు పడాలి అన్న ఆలోచన ఆవిడదీ నాదీ ఒకటే. నడక ఆలస్యమైన పిల్లల్ని ఇసుకలో నడుం దాకా నిలబెట్టడం మన ఊళ్ళలో ఎప్పటి నుంచో ఉంది. కాస్త ఆలస్యంగా నడిచే మామూలు పిల్లకి దానివల్ల నష్టం లేదు, ఎలాగూ నడిచేది నడుస్తుంది, పేరు ఇసుకకి వస్తుంది. మీవాడికి మాత్రం సరిపడదు. ఇసుక నాలుగు వైపుల నుంచీ నొక్కి కాళ్ళని ఇంకా దగ్గర చేస్తుంది, మనకి కావలసింది ఎడం. మడమ కింద గట్టిగా ఏమీ ఉండదు కాబట్టి మునివేళ్ళు ఇంకా కిందికి దిగుతాయి. అన్నిటికంటే ముఖ్యం, పాదం రంగు మారినా మోకాలు మెలిపడినా ఇసుక కింద ఉన్నది మీకు కనబడదు. 2019 డిసెంబర్ 26న సూర్యగ్రహణం నాడు కర్ణాటకలో కలబురగి దగ్గర ఇలాంటి పిల్లల్నే మెడ దాకా మట్టిలో పాతిన సంగతి పేపర్లలో చూసే ఉంటారు. గుంత లోతు పెరిగితే గుణం పెరుగుతుందనుకుంటే అక్కడిదాకా పోతుంది.

ఆవిడ చేతుల్లో ఇంకో మంచి పద్ధతి ఉంది, అది మాత్రం మానొద్దనండి. బాబుని ఒళ్ళో రెండు కాళ్ళూ కలిపి ఎత్తుకోకుండా, చంకనేసుకుని నడుముకి అటో కాలు ఇటో కాలు వేయించి మోయడం. కత్తెర వేసే పిల్లలకి అంతకంటే చవకైన వ్యాయామం లేదు. ఒకే చంకకి అలవాటు చేయకుండా మారుస్తుండాలి.

ఫ్రేముల్లో రకాలు చాలా ఉన్నాయి, మీకు తేల్చుకోవలసింది ఒకటే. పిల్లాడు ముందుకి ఆనుకునేది కావాలా, వెనక్కి ఆనుకునేది కావాలా? మొదటిది ప్రోన్ స్టాండర్, రెండోది సుపైన్ స్టాండర్. మెడ నిలవని పిల్లలకీ, మెడ ఒక్కసారిగా వెనక్కి విసిరేసే పిల్లల్లో చాలామందికీ రెండోది. మీవాడికి మెడ నిలిచిందంటున్నారు కాబట్టి ముందుకి ఆనేదే నయం. తల ఎత్తి చూస్తాడు, ముందు ట్రే ఉంటుంది కాబట్టి చేతులకి పని దొరుకుతుంది. కూర్చోబెట్టి మెల్లగా పైకి లేపే హైడ్రాలిక్‌వి, చక్రాలవి కూడా ఉన్నాయి. అవి పెద్ద పిల్లలని ఎత్తలేని ఇళ్ళకి, ఇప్పుడు మీకు అక్కర్లేదు.

అసలు విషయం ఖరీదులో లేదు, అమరికలో ఉంది. అది నేను ఎలా నేర్చుకున్నానో చెబుతాను. కొత్తలో నాలుగేళ్ళ పాపని ఒకచోట ఫ్రేమ్‌లో నిలబెట్టి, ఎంత తిన్నగా నిలబడిందో అని మురిసిపోయాను. వాళ్ళ నాన్న కొట్లో బరువు తూచేవాడు. ఆయనకి అనుమానం వచ్చింది. "మేడం, నిజంగా కాళ్ళ మీదే నిలబడిందా?" అన్నాడు. పక్కింటి నుంచి మనుషులు బరువు చూసుకునే మిషన్ తెచ్చి పాప పాదాల కింద పెట్టాం. పాప 14 కిలోలు, ముల్లు 4 దగ్గర ఆగింది. మిగతా 10 కిలోలూ ఛాతీ బెల్ట్‌కి, చంకలకి వేలాడుతున్నాయి. గంటసేపు నిలబడిందనుకున్నది నిజానికి గంటసేపు వేలాడింది. పిరుదుల వెనక బెల్ట్ బిగించి, బోర్డు ఇంకాస్త నిటారుగా లేపి, పాదాల పలక ఒక అంగుళం పైకి జరిపితే ముల్లు 10 దాటింది. ఆ రోజు నుంచి నేనమర్చిన ప్రతి ఫ్రేమ్‌కీ కాటా పరీక్ష పెట్టాను. ఫ్రేముల్లో నిలబడ్డ పిల్లల పాదాల మీద ఎంత బరువు పడుతోందో విదేశాల్లో కొలిస్తే పావువంతు కంటే తక్కువ నుంచి పూర్తి బరువు దాకా ఎటుపడితే అటు వచ్చింది. మీరూ చేయండి. మిషన్ ఎత్తుకి సరిపడా పాదాల పలక తీసేయాలి లేదా కిందికి దించాలి. బాబు బరువులో మూడింట రెండొంతులు, అంటే 8 కిలోలకి తగ్గకుండా చూపిస్తే సంతోషం. పూర్తి 12 రాదు, ముందుకి ఆనుకున్నాడు కాబట్టి కొంత బోర్డు మోస్తుంది.

బెల్టులు పెట్టే వరస పాదాలు, మోకాళ్ళు, పిరుదులు, ఆఖరున ఛాతీ. అందరూ పిల్లాడు పడిపోతాడన్న భయంతో ఛాతీది ముందు బిగించేస్తారు, వేలాడడం అక్కడ మొదలవుతుంది. పిరుదుల బెల్ట్ గట్టిగా ఉంటే ఛాతీది రెండు వేళ్ళు దూరేంత వదులుగా ఉన్నా చాలు. మోకాళ్ళ ముందు మెత్త చిప్ప మీద పడకూడదు, చిప్ప కిందుగా ఉండాలి. మోకాలు పూర్తిగా సాగని పిల్లాడిని బలవంతంగా నిటారు చేయొద్దు, ఎంత వంపు ఉంటే అంత వంపులోనే ఆనించాలి. మడమ ఇంకా జాగ్రత్త. అది నేలకి ఆనకపోతే కిందికి తొక్కకండి. తొక్కితే మడమ దిగినట్టే కనిపిస్తుంది కానీ దిగదు, పాదం మధ్యలో విరుచుకుని అరికాలు ఉబ్బుతుంది. ఆనని మేర మడమ కింద చిన్న చెక్క పెట్టండి. ఏఎఫ్‌ఓ (పాదాన్ని, చీలమండని సరిగ్గా పట్టి ఉంచే ప్లాస్టిక్ తొడుగు) ఉంటే వేసే నిలబెట్టండి.

ఇప్పుడు కాళ్ళ ఎడం. తుంటికి పనిచేయాలంటే రెండు కాళ్ళ మధ్య మొత్తం 30 నుంచి 60 డిగ్రీలు విప్పి నిలబెట్టాలి. బజారులో దొరికే చవక ఫ్రేముల్లో చాలావాటికి ఈ ఏర్పాటే ఉండదు, రెండు పాదాలూ పక్కపక్కన పెట్టే గళ్ళు ఉంటాయి. కొనేముందు మీరు అడగాల్సిన మొదటి మాట ఇదే. మీవాడి ఈడు పిల్లలకి తుంటి నుంచి మడమకి ఇంచుమించు 43 సెంటీమీటర్లు ఉంటుంది. ఒక్కో కాలు 15 డిగ్రీలు విప్పితే పాదం 11 సెంటీమీటర్లు బయటికి జరుగుతుంది. రెండూ కలిపితే మామూలుగా నిలబడే దానికంటే మన జానెడు ఎడం. అలా విప్పినప్పుడు పాదం లోపలి అంచు మీద నిలబడుతుంది కాబట్టి పలక బయటివైపు కాస్త ఎత్తుగా ఏటవాలుగా ఉండాలి. తొడలు దగ్గరకి రాకుండా మధ్యలో మెత్త చుట్టిన దిమ్మ ఒకటి. మొదటి రోజే 30 డిగ్రీలకి లాగకండి, నొప్పి లేకుండా ఎంత వస్తే అంతటితో మొదలుపెట్టండి.

ఇవన్నీ మీ ఊరి వడ్రంగి చేయగలడు. నేను చేయించినవాటిలో సగం పైగా వడ్రంగి చేతివే. 19 ఎంఎం ప్లైవుడ్, దాని మీద ఫోమ్, పైన రెక్సిన్, కారు సీట్ బెల్ట్ పట్టీలు. ఆరేడు వేలలో అయిపోయేవి. పిల్లాడిని వెల్లకిలా పడుకోబెట్టి మడమ నుంచి మోకాటికి, తుంటికి, చంకకి, వంచిన మోచేతికి ఎంతెంత ఉందో కొలిచివ్వండి. బోర్డు చంకకి రెండు వేళ్ళు కిందే ఆగాలి, లేకపోతే అంచు చంకలో ఒరుసుకుంటుంది. ట్రే మోచేతి ఎత్తులో. బోర్డు నిటారు నుంచి పది పదిహేను డిగ్రీలు మాత్రమే ముందుకి వాలాలి. ఫ్రేమ్ కింది భాగం వెడల్పుగా ఉండాలి. బాబుని ఎక్కించే ముందు 25 కిలోల బియ్యం బస్తా బోర్డుకి కట్టి నాలుగు వైపులా ఊపి చూడండి. కదిలితే వెనక్కి పంపండి. మోకాళ్ళ మెత్త, పాదాల పలక బోల్టుల మీద పైకీ కిందికీ జరిగేలా రంధ్రాలు వేయించుకోవడం మరవకండి, ఆ ఒక్క పనితో రెండేళ్ళు కలిసొస్తుంది. కానీ కొలతలు, బెల్టుల చోట్లు, ఎడం ఎంత అన్నది మీ థెరపిస్టుని పక్కన పెట్టుకుని తేల్చండి, నేను పిల్లాడిని చూడలేదు.

డబ్బు పెట్టకుండా కూడా దారులున్నాయి. సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం), యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) తీసుకున్నారా? కేంద్రం అడిప్ పథకం కింద ఆదాయ పరిమితికి లోబడి పరికరాలు ఇస్తారు, కాన్పూర్‌లోని ప్రభుత్వ సంస్థ అలింకో తయారుచేసి క్యాంపుల్లో పంచుతుంది. బాబు బడి ఈడుకి వచ్చాక సమగ్ర శిక్ష (ప్రభుత్వ బడి చదువుల పథకం) కింద మండలంలో ఇలాంటి పిల్లల కోసం ఉండే భవిత కేంద్రంలో పేరు రాయించండి. అక్కడ పిల్లల్ని చూడడానికి ఫిజియోథెరపిస్టు వస్తారు, పరికరాల క్యాంపులకి వాళ్ళే పంపిస్తారు. నేషనల్ ట్రస్ట్ నిరామయ బీమా లక్ష రూపాయల వరకు, థెరపీ ఖర్చు కూడా అందులో వస్తుంది. ఆ బీమా వర్తించే వైకల్యాల్లో సెరిబ్రల్ పాల్సీ ఉంది. క్యాంపులో తీసుకునేటప్పుడు మాత్రం మొహమాటపడకండి. ఒకసారి ఒక క్యాంపులో అయిదేళ్ళ పిల్లాడికి పన్నెండేళ్ళవాడి సైజు ఇచ్చి సంతకం పెట్టించుకున్నారు. ఎక్కించి చూసి సరిపోతేనే సంతకం పెట్టండి.

ఎంతసేపు? 2013లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కూర్చి చూసినవాళ్ళు వారానికి అయిదు రోజులు అన్నారు. తుంటికి రోజుకి 60 నిమిషాలు, అదీ కాళ్ళు ఎడంగా. ఎముక గట్టిదనానికి 60 నుంచి 90. కీళ్ళు బిగుసుకోకుండా 45 నుంచి 60. బిగుతు తగ్గడానికి 30 నుంచి 45. మొదటి వారం అయిదు నిమిషాలతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. పొద్దున అరగంట, సాయంత్రం అరగంటగా విడగొట్టుకున్నా ఫరవాలేదు. ఎముకల గురించి ఇంకో మాట. 2004లో ఇంగ్లండ్‌లో నడవలేని 26 మంది పిల్లల మీద తొమ్మిది నెలలు చూస్తే, ఎక్కువసేపు నిలబడ్డవాళ్ళ వెన్నుపూసల్లో సాంద్రత 6 శాతం మెరుగైంది, కాలి ఎముకలో మాత్రం తేడా లేదు. అందుకే ఒళ్ళు తేలిగ్గా పట్టి ఎత్తండి. ఈ పిల్లలకి తొడ ఎముక మోకాటి పైన తేలిగ్గా విరుగుతుంది. ఫిట్స్ మందులు వాడుతుంటే విటమిన్ డి పరీక్ష తప్పకుండా చేయించండి, కొన్ని ఫిట్స్ మందులు దాన్ని తగ్గిస్తాయి.

ఆ గంట ఎలా గడుస్తుందన్నదే ప్రతి ఇంట్లో ఓడిపోయే చోటు. గోడ వైపు తిప్పి నిలబెట్టి వంటింట్లోకి వెళ్ళిపోతే ఏ పిల్లాడైనా పది నిమిషాల్లో ఏడుస్తాడు. నాకు తెలిసిన ఒకబ్బాయికి ఇంటి ముందే వాళ్ళ కిరాణా కొట్టు. ఇంట్లో నిలబెడితే గొడవ గొడవ. ఒకరోజు వాళ్ళ తాత ఫ్రేమ్ ఎత్తి కౌంటర్ వెనక పెట్టేశాడు. ట్రేలో చాక్లెట్ల సీసా, చిల్లర డబ్బా. వచ్చిన పిల్లలకి వీడే చాక్లెట్ తీసి ఇవ్వాలి, నాణెం తీసుకుని డబ్బాలో వేయాలి. కుడిచేయి పిడికిలి విప్పుకోవడానికే మొదట్లో అర నిమిషం పట్టేది. అవతల పిల్లలు కిక్కురుమనకుండా నిలబడి చూసేవాళ్ళు. సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా కొట్టు వాడిదే. తీసేస్తానంటే ఏడ్చేవాడు. మీ ఇంట్లో అలాంటి చోటు ఏదో వెతకండి. చిక్కుడుకాయలు ఒలవడం, చపాతీ పిండి ముద్ద, కిటికీలోంచి రోడ్డు, అత్తయ్యగారి కథలు, ఏదైనా సరే. సెల్‌ఫోన్ చివరి ఆయుధంగా ఉంచుకోండి, దానికోసం తల ఎప్పుడూ ఒకవైపే వాల్చేస్తారు. అన్నం తిన్న వెంటనే మాత్రం ముందుకి ఆనే ఫ్రేమ్ వద్దు, పొట్ట నొక్కుకుని కక్కుకుంటాడు. ఒక అరగంట ఆగండి.

నిలబెట్టాక ముఖం, పాదాలు చూస్తూ ఉండండి. పాదాలు ఊదారంగుకి తిరిగినా, ముఖం పాలిపోయి చెమట పట్టినా దించేయండి. మెత్తలు ఆనిన చోట ఎర్రమచ్చ అరగంటలో పోవాలి, పోకపోతే మెత్త మార్చాలి. ఫిట్ వస్తే బెల్టులన్నీ విప్పి పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. విప్పడం ఇంట్లో పెద్దలందరికీ రావాలి, ఖాళీ ఫ్రేమ్ మీద ఒకసారి అందరితో విప్పించి చూడండి. తుంటి నొప్పి, కొత్తగా ఏదైనా వాపు, ఈమధ్య ఆపరేషన్, ఎముక విరగడం, గుండె జబ్బు వీటిలో ఏది ఉన్నా డాక్టర్ చెప్పేదాకా నిలబెట్టొద్దు. ఫ్రేమ్‌లో ఉన్నంతసేపూ గదిలో పెద్దవాళ్ళెవరో ఒకరు ఉండాలి, నిమిషమైనా సరే.

మూడు నెలలకోసారి మళ్ళీ కొలవండి. ప్యాంటు పొట్టయిందని కనబడుతుంది కానీ మోకాటి మెత్త చిప్ప మీదకి జరిగిందని ఎవరికీ కనబడదు. కాటా పరీక్ష కూడా అప్పుడే మళ్ళీ పెట్టండి. ఎక్స్‌రేలో వచ్చిన రెండు అంకెలూ, మడమ నేలకి ఆనుతోందో లేదో రాస్తే, ఎంత ఎడంతో మొదలుపెట్టాలని మీ థెరపిస్టుని అడగాలో చెబుతాను.